గ్యాస్ గోలీల యాసిన్ ఒప్పుకోలు

ఈ సభకు పెద్దగ కూసున్న డాక్టర్ అమ్రీన్ మేడంకు, సర్పంచ్ లక్ష్మా అన్నకు, నర్సింహులపేట నుంచి ఎండల పడి వచ్చిన అక్కలకు, అన్నలకు, బాపులకు సలాం, నమస్తే.

ముప్పై రెండేండ్లు మన దవాఖాన మందుల కిటికీల కూసొని, ఇయ్యాల రిటైరైతున్న. నా చేతి గ్యాస్ గోలీ మింగనోళ్లు ఈడ ఉంటే చెయ్యి లేపుండ్రి. (నవ్వులు) లక్ష్మా అన్నా, నువ్వు లేపకు, నీ పన్నునొప్పికి గూడ గదే ఇచ్చిన.

ఇగ నా ఎనక ఫ్లెక్సీ చూడుండ్రి. 'అరుదైన రోగాన్ని పసిగట్టిన యాసిన్ సాబ్' అని రాసి, నా మెడల ఎన్నడు లేని స్టెతస్కోపు గూడ ఏసిండ్రు. గది అబద్ధం. ఆ రోగమొచ్చిన కల్పన రెండో వరుసల కూసున్నది. ఆమె ముంగట గీ అబద్ధం మోసుకొని నేను ఇంటికి పోలేను.

కల్పన తిన్నదల్లా కక్కేది. ఎనిమిది నెలలు గోలీలే ఇచ్చిన. తగ్గకపోతే, పెండ్లి తప్పిచ్చుకునే నాటకమని నేనే అన్న. ఎవరో తిండిల మందు పెట్టిండ్రని వాళ్లమ్మ రాములమ్మ పరేషానై, ఆ మందు కక్కిచ్చే మనిషి దగ్గరికి మహదేవపూర్ దిక్కు తీస్కపోయింది. రోజు కక్కే పిల్లను కక్కిచ్చెటందుకు రెండు బస్సులు మారి పోయిండ్రు! (నవ్వులు) నవ్వకుండ్రి, ఆ మనిషి అడ్రస్ ఇచ్చింది నేనే.

కల్పన దవాఖానకొచ్చినప్పుడు మా వరండాల తిని, బెంచీ మీద బోర్ల పండుకునేది. 'గిది దవాఖాననా, మీ ఇంటి మంచమా' అని లేపి కూసోబెట్టేటోణ్ణి. కూసోంగనే కక్కేది. మళ్ల నేనే తిట్టేటోణ్ణి.

కొత్తగ వచ్చిన అమ్రీన్ మేడం ఒక్కటే అడిగింది, 'ఎందుకట్ల పంటున్నవమ్మా?' అని.

'గిట్ల పంటె నొప్పి తగ్గి అన్నం కిందికి దిగుతది మేడం.'

గంతే. మేడం స్కానింగుకు పెద్ద దవాఖానకు పంపింది. కడుపుల రెండు రక్తనాళాల నడుమ పేగు నలుగుతున్నదట. మనిషి బక్కగైన కొద్ది ఇంకింత నలుగుతదట. ముక్కుల నుంచి సన్నటి గొట్టమేసి, ఆ నలిగిన జాగ దాటిచ్చి తిండి పంపిండ్రు. ఒళ్లు చేసినంక పేగుకు తొవ్వ దొరికింది.

ఆ రోగం పేరుకు ఇయ్యాల్టికీ నాకు నోరు తిరగదు. గని కల్పనా, నువ్వు ఇరవై తొమ్మిది కిలోలకు దిగేదాక నిన్ను ఒక్క మాట అడగలేదు బిడ్డా. తప్పయింది.

శాలువా కప్పినోళ్లకు, ఇన్నేండ్లు నన్ను ఓర్సుకున్నోళ్లకు షుక్రియా. బయట బిర్యానీ దించిండ్రట. మొదటి ప్లేటు కల్పనకు నేనే వడ్డిస్త. కూసొని తింటదో, తిని బోర్ల పంటదో, గీసారి అడిగి తెలుసుకుంట. సెలవు.