పారెయ్యలేని చెయ్యి

అదేంటి మేనేజరుగారూ, కొస తుంచుకుని మిగతాది పక్కన పెట్టేశారు? బాగుందన్నారుగా! బాగున్నదాన్ని అలా పక్కన పెడతారా ఎవరైనా? మొహమాటానికి అన్నారు, అంతే. మొహమాటానికి బాగుందనేవాళ్లని చూసీ చూసీ నా జుట్టు తెల్లబడింది లెండి.

మీ తప్పేం లేదు. అది కేకూ కాదు, రొట్టే కాదు. నల్లబడ్డ అరటిపళ్లు మూడున్నాయి. పొద్దున పాలు విరిగాయి. డబ్బా అడుగున రెండు గుప్పిళ్ల పిండి మిగిలింది. విరిగిన బిస్కెట్ల పొడి ఓ సీసాడు, ఎప్పటిదో. అన్నీ కలిపి దళసరి గిన్నెలో పోసి, మూత పెట్టి, సన్న మంట మీద వదిలేశాను. ఓవెన్లూ గీవెన్లూ మా ఇంట్లో ఎక్కడివి? ఉన్నదాంతో కానిచ్చేయడం, అంతే. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ నా వంటంతా అదే.

ఆయన లేరండీ. మంగలి షాపుకెళ్లారు. రేపు మీ ఆఫీసులో పరీక్ష ఉందిగా, నలుగురి ముందూ నాలుగు ప్లేట్లు పెట్టి రుచి చెప్పమంటారటగా! గడ్డం నున్నగా గీయించుకుని వెళ్లాలట. గడ్డంతో రుచి చూస్తారా ఏమిటండీ అన్నాను. నవ్వలేదు.

ఉండండి, లేవకండి. మళ్లీ వస్తానంటే మళ్లీ నాకు ఈ ధైర్యం రాదు. మీరెందుకొచ్చారో నాకు తెలుసు. వెన్న బిస్కెట్ల సంగతేగా? ఇరవై ఆరేళ్లలో ఒక్క పెట్టె తప్పు పోనివ్వని మనిషి ఆ పాత వెన్న వాసన ఎలా వదిలేశాడా అని కదూ?

చెప్తాను. మొదట్నుంచీ చెప్తేగానీ మీకు అర్థం కాదు.

మీ ఫ్యాక్టరీలో ఆయన్ని నాలుక మాస్టారు అంటారు. మీకందరికీ అది గొప్ప. నాకు మాత్రం రెండు పూటలా గండం. కంచం ముందు కూర్చుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకునేవారు. ఆ కాసేపూ నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడేదాన్ని. "నూనె రెండోసారి కాచావు." అవును, కాచాను. "ఉల్లిపాయ నిన్న తరిగింది." అవును, నిన్నటిదే. "ఈ పిండి డబ్బా అడుగుది." ఒక్కటైనా తప్పు చెబుతారేమోనని చూసేదాన్ని బాబూ. చెబితేగా!

ఒకసారి ఒళ్లు మండి, "ఆకలి రుచెరగదంటారు, మీకసలు ఆకలే వెయ్యదా?" అన్నాను. "ఆకలేస్తుంది, అందుకే తింటున్నాను" అన్నారు. ఏం చెయ్యను చెప్పండి అలాంటి మనిషిని?

మా ఇద్దరికీ ఉన్న గొడవంతా ఒక్కటే. ఆయన నోట్లో ఒకటే మాట, "పారెయ్యి." అంత సులువుగా అనేవారు. అనుమానం వస్తే పారెయ్యి. ఆయన పనే అది కదా, వద్దన్నది వద్దనడం. నా చెయ్యేమో అలా పెరగలేదు. మా అమ్మకి ఏడుగురం. మా ఇంట్లో పారెయ్యడమనే పని ఉండేదే కాదు. ఎండిన రొట్టె పొడి అవుతుంది, పులిసిన పాలు పిండిలోకి పోతాయి, వాసనేస్తే కాస్త దాల్చినచెక్క పొడి చల్లితే సరి. ఇదే నా చదువు. "నీ చెయ్యి నీ నాలుకని పాడుచేసింది" అనేవారాయన. అంటే అన్నారులే అని ఊరుకునేదాన్ని.

ఇక ఆయనకొచ్చిన జ్వరం సంగతి. మూడు నెలల క్రితం పదిహేను రోజులు సెలవు పెట్టారు, గుర్తుందా? జ్వరం తగ్గింది, పథ్యం అయిపోయింది. ఆ వేళ బంగాళాదుంప కూర అడుగంటింది. మాడిన భాగం తీసేసి పైది వడ్డించాను. కంపు ఎక్కడికి పోతుంది? తిట్లు పడతాయని గుమ్మం దగ్గరే నిలబడ్డాను. ఆయన తిన్నారు. మారు వడ్డించుకున్నారు. ఒక్క మాట లేదు.

నవ్వకండి, ఆ పూట నేనెంత మురిసిపోయానో తెలుసా! ఇన్నేళ్లకి నా వంట ఆయన గొంతు దిగింది కదా అని, వంటింట్లోకెళ్లి కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. చూడండి నా తెలివి!

మర్నాడు కూరలో ఉప్పెయ్యడం మరిచిపోయాను. నిజంగానే మరిచిపోయాను. తిన్నారు. అప్పుడు అనుమానమొచ్చింది. సాయంత్రం కాఫీలో చక్కెరకి బదులు కావాలనే ఉప్పేసిచ్చాను. ఊదుకుంటూ తాగారు. గ్లాసు కింద పెట్టి, "ఏంటలా చూస్తున్నావు?" అన్నారు.

"ఏం వేశానో చెప్పండి" అన్నాను.

మేనేజరుగారూ, ఆయన మొహం అలా అయిపోవడం నేనెప్పుడూ చూడలేదు. మా మామగారు పోయినప్పుడు కూడా చూడలేదు. జ్వరంలో ఉన్నప్పుడే తెలిసిందట ఆయనకి. నాకు చెప్పలేదు. నాకు తెలిస్తే నిజమైపోతుందనుకున్నారేమో.

డాక్టరు దగ్గరికెళ్లకుండా ఉంటామా? ముగ్గురి దగ్గరికెళ్లాం. మొదటాయన వస్తుందన్నాడు. రెండో ఆయన రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. మూడో ఆయన ఆశ పెట్టుకోవద్దన్నాడు. ముక్కూ నాలుకా రెండూ పోయాయి బాబూ. ఇంక రావు.

మరి రుచి ఎలా ఉందో రాసిచ్చే ఫారాలెవరు నింపారనేగా మీ ప్రశ్న? అడగండి, అడగడానికేగా వచ్చారు. పొద్దున్న బ్యాచి నమూనాలకి ఫారం మధ్యాహ్నం రెండింటికిస్తానని మీ దగ్గర అనుమతి తీసుకున్నారు కదా! కడుపులో మంట, భోజనం చేశాక రుచి చూస్తే బాగా తెలుస్తుందని చెప్పారు. మీరు సరేనన్నారు. నాలుక మాస్టారి మాట ఎవరు కాదంటారు?

కాగితంలో చుట్టి జేబులో వేసుకుని భోజనానికి ఇంటికొచ్చేవారు. ఈ బల్ల మీదే. ఆయన బిస్కెట్టు విరిచి చెవి దగ్గర పెట్టుకుని ఎంత కాలిందో చెప్పేవారు. వేళ్లతో నలిపి నూనె ఎంత పడిందో చెప్పేవారు. అంతవరకూ ఆయనే. రుచీ వాసనా నేను. తీపి ఎక్కువ, పాలపొడి తక్కువ, ఇది నిన్నటికంటే బాగుంది అని నేను చెబుతుంటే ఆయన రాసుకునేవారు. రెండున్నర నెలలు మీ బిస్కెట్లకి రుచి చూసింది నేను.

అవునండీ, మోసమే. కాదనడం లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెబితే ఆయన మనిషి కాకుండా పోతారు, చెప్పకపోతే ఇది. ఆయనకి వేరే పని రాదు. వేరే మాట రాదు. ఆ నాలుక తప్ప ఆయన దగ్గరింకేం లేదు బాబూ, ఏనాడూ లేదు.

ఇంకో సిగ్గుమాలిన మాట చెప్పనా? ఆ రోజుల్లో నాకు సంతోషంగా ఉండేది. మా ఆయన నా మొహంలోకి చూస్తూ "చెప్పు, ఎలా ఉంది?" అని అడిగేవారు. నన్ను! పోయిన నెల మీరు కమలాపండు కేకుల రిపోర్టు మెచ్చుకున్నారని ఇంటికొచ్చి చెప్పారు. "నిన్నే మెచ్చుకున్నారే" అన్నారు. ఆ పూటంతా గాల్లో తేలాను.

సరే, వెన్న బిస్కెట్లు. అక్కడికే వస్తున్నా.

గురువారం తెచ్చారు. రెండు బిస్కెట్లు. ఆ రోజు నాకు జలుబు చేసిందని ఆయనతో చెప్పాను. అది తర్వాత చెప్పాను లెండి, సరుకు వెనక్కొచ్చాక.

ఆగండి. దుకాణాలవాళ్లు వెనక్కిచ్చేశారు, అంతే కదా? ఎవరికీ ఏమీ కాలేదు కదా?

వాంతులా?

ఎంతమందికి? ఇద్దరికా? పిల్లలా?

ఇప్పుడెలా ఉన్నారు? ఆసుపత్రి నుంచి ఇళ్లకి పంపేశారా? నిజం చెప్పండి. నిజంగానే పంపేశారా?

ఆయనకి ఈ సంగతి తెలుసా? తెలుసన్నమాట. తెలిసే నాకు చెప్పలేదు. నేను తట్టుకోలేననుకున్నారు. అందుకేనా నిన్న అన్నం కలిపి కలిపి లేచిపోయారు! నేను ఆయనకి రుచి తెలీక తినలేదనుకున్నాను. రుచి తెలీకపోతే మాత్రం, పోనీ, వేడిగానైనా ఉంది కదా తినండి అని పోరాను కూడా.

మంచినీళ్లొద్దు. కూర్చోండి మీరు. నేను బాగానే ఉన్నాను.

సరుకు వెనక్కొచ్చిన రోజు ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. పక్కన కూర్చుని, "నీ తప్పు కాదు. జలుబులో నాకైనా తెలిసేది కాదు" అన్నారు. ఆయనకి తెలిసేది బాబూ! జలుబులో ఉన్నా, నిద్రలో ఉన్నా తెలిసేది. నన్ను ఊరడించడానికి ఆయన నాతో మొదటిసారి అబద్ధం చెప్పారు. నేను తలూపాను.

నాకు జలుబు లేదు.

విన్నారా? జలుబు లేదు నాకు. మొదటి బిస్కెట్టు కొరకగానే తెలిసింది. వెన్న పాతబడ్డ వాసన. నా అంత బాగా ఎవరికి తెలుస్తుంది ఆ వాసన? నా వంటిల్లంతా అదేగా!

ఎందుకు చెప్పలేదంటే ఏం చెప్పను? "ఇవి ఎన్ని చేశారండీ?" అని అడిగాను ఆయన్ని. తొమ్మిది వందల పెట్టెలన్నారు. బాగాలేదంటే ఏం చేస్తారన్నాను. "ఏముంది, గుంటలో పోసి మన్ను కప్పేస్తారు" అన్నారు, ఎప్పుడూ అన్నంత సులువుగానే. తొమ్మిది వందల పెట్టెలు! పిండి, చక్కెర, వెన్న, అంతమంది చెమట. గుంటలో పోస్తారట!

చిన్న వాసనే కదా, పాలల్లో ముంచుకు తింటే తెలీదులే అనుకున్నాను. మా ఇంట్లో ఇంతకంటే పాతది తిని పెరగలేదా అనుకున్నాను. పారెయ్యండి అనే మాట నా నోట రాలేదు. నిజంగా రాలేదు బాబూ, నాలుక దాకా వచ్చి ఆగిపోయింది. "బాగున్నాయండీ" అన్నాను. ఆయన రాసుకున్నారు. కింద సంతకం పెట్టారు.

ఇద్దరు పిల్లలు.

తిట్టండి, పోనీ. ఇందాకట్నుంచీ ఆ పెన్ను మూత తీస్తున్నారు, పెడుతున్నారు. రాసుకోండి. ఫారాలన్నీ నావని రాసుకోండి, నా చేత సంతకం పెట్టించుకోండి. రేపటి పరీక్ష ఒక్కటీ ఆపెయ్యండి. నిన్న పొద్దున్నుంచీ ఆయన బిస్కెట్లు విరిచి చెవి దగ్గర పెట్టుకుంటున్నారు. చప్పుడు విని రుచి చెప్పెయ్యొచ్చని ఆశ. నలుగురి ముందూ ఉప్పునీళ్లు తాగి తియ్యగా ఉన్నాయంటారు ఆయన. మీ ఫ్యాక్టరీలో నిన్నగాక మొన్న చేరినవాళ్లు కూడా చూస్తారు. ఆ మనిషిని అలా నిలబెట్టకండి.

ఉద్యోగం పోతుంది, తెలుసు. రోగమొచ్చి నాలుక పోయిందని రాయండి. రుచి చూసి కూడా చెడ్డదాన్ని మంచిదన్నాడని మాత్రం రాయకండి. ఆయన దొంగ అనిపించుకుని అయినా బతుకుతారు గానీ, ఆ మాటతో బతకరు.

ఏమన్నారు? మీ చేతుల్లో లేదా? పైవాళ్లు నిర్ణయించేశారా? మరి ఇంతసేపూ నా చేత ఎందుకు చెప్పించారండీ?

లేదు లెండి, మీరు చెప్పించలేదు. నేనే చెప్పాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే మీరు మాత్రం ఏం చేస్తారు!

అదిగో, చెప్పుల చప్పుడు. వస్తున్నారు. ఒక్క మాట మేనేజరుగారూ, జలుబు సంగతి ఆయనతో అనకండి. నాకు తెలిసీ చెప్పలేదని ఆయనకి తెలియకూడదు. నా నాలుక మంచిది కాదని ఎప్పుడూ అనుకునేవారు. అలాగే అనుకోనివ్వండి. అదే మేలు.

రండి, వచ్చేశారా? మేనేజరుగారొచ్చారు. ఏం లేదండీ, ఊరికే పలకరించి పోదామని వచ్చారట. గడ్డం బాగా గీశాడు, పదేళ్లు తగ్గారు. మీరు పెరట్లో కాళ్లు కడుక్కుని రండి, తర్వాత ఇద్దరూ మాట్లాడుకుందురుగాని, నేను పొయ్యి వెలిగిస్తాను.

ఏం వండుతానా? ఏముంటే అది. ఆయనకి తేడా తెలీదు మేనేజరుగారూ. నాకు తెలిసినా చెప్పను.