సుందరరామయ్య గారి పోర్టు

కాఫీ వద్దు దీపక్. సాయంత్రం పూట నేను తాగనని మీ ఇంట్లో అందరికీ తెలుసు. ముందు ఆ ల్యాప్‌టాప్ మూసి ఇలా కూర్చో.

ఏమిటి నాయనా ఇది? నిన్ను మన తెలుగు సంఘం హాలు పనుల్లోంచి తీసేస్తున్నారట? ఆదివారం మీటింగ్‌లో పాస్‌వర్డులన్నీ ప్రెసిడెంట్ ఉపేంద్ర చేతికి అప్పజెప్పి వెళ్ళిపోవాలట? అదీ నా పేరు చెప్పి? ప్రసూన ఆంటీ కళ్ళనీళ్ళు పెట్టుకుంది, ఇంక ఊరుకునేది లేదు అని ఊరంతా ఫోన్లు చేస్తున్నాడట. నా కళ్ళు, నా నీళ్ళు. నన్ను అడగకుండా ఈయన వాడుకోవడం ఏమిటి?

తల వంచుకోకు. తప్పు చేసి ఉంటే అందరికంటే ముందు నేనే తిట్టేదాన్ని. నా సంగతి తెలియనివాడివా?

అసలు మొదలు ఎక్కడంటావ్? మనవాళ్ళు ఏదైనా ఇస్తే దాని మీద పేరుండాలి. కుర్చీ ఇస్తే వీపు మీద, ఫ్యాను ఇస్తే రెక్కల మీద. తిరుగుతున్న ఫ్యాను మీద పేరు ఎవరు చదువుతారో నాకు ఇప్పటికీ తెలియదు. సముద్రాలు దాటి పరాయి దేశంలో ఈ గిరావీన్ వచ్చినా ఆ బుద్ధి పోలేదు.

హాలుకి ఇంటర్నెట్ పెట్టిద్దాం, చందాలివ్వండి అంటే ఒక్కరూ పలకలేదు. వైర్లు గుచ్చే ఆ పెట్టె ఉంది చూడు, స్విచ్, దానికున్న ఒక్కో కన్నానికీ, అదే పోర్టుకీ, ఒక్కో దాత పేరు పెడతామనేసరికి క్యూ కట్టారు. కంప్యూటర్‌లో ప్రతి పోర్టు పక్కనా ఒక గడి ఉంటుందని, ఆ వైరు ఎక్కడికి పోతోందో అందులో రాసుకోవాలని నువ్వు మొత్తుకుంటూనే ఉన్నావు. విన్నదెవరు? కీర్తిశేషులు ఫలానావారి జ్ఞాపకార్థం, ఫలానావారి సౌజన్యంతో. అవీ నీచేత రాయించిన రాతలు.

మన కోశాధికారి గారి తాతగారు వీరవెంకటసత్యనారాయణ గారు. అంత పేరు ఆ గడిలో పట్టక వీరవెంకట దగ్గరే ఆగిపోయింది. మా తాతని సగానికి నరికేశారంటూ ఆయన ఎన్ని మీటింగులు తినేశాడు?

నేను చదివింది తక్కువ. ముసలివాళ్ళుండే ఏజ్డ్ కేర్ హోమ్ లాండ్రీలో బట్టలుతికి రిటైరయ్యాను. అక్కడ చొక్కా కాలరు లోపల పేరు కుట్టేవాళ్ళం. ఎవరి పేరు? తొడుక్కునే పెద్దాయన పేరు. కొనిచ్చిన కొడుకు పేరు కుడితే ఆ చొక్కా ఏ గదికి చేరుతుంది? ఆమాత్రం నాకూ తెలుసు.

తెలిసి ఏం చేశాను? నేనూ చందా ఇచ్చి మా ఆయన పేరు రాయించాను. అందరి మొగుళ్ళూ అందులో ఉండి నా మొగుడు లేకపోతే బాగుండదు కదా మరి.

సరే, ఉపేంద్ర కూతురు తన్మయి అరంగేట్రం వచ్చింది. నువ్వేమో ఆఫీసు పని మీద గంగాలిన్ వెళ్ళావు. టూవూంబా ఆస్పత్రిలో మంచం మీదున్న పిల్ల నాయనమ్మ నెట్టులో చూడాలని ఉపేంద్ర హాల్లో కెమెరా పెట్టించాడు. మంచిదే. తీరా డ్యాన్సు మొదలయ్యేసరికి నెట్టు నత్తలా పాకుతోంది. ఒక పోర్టు ఆపేస్తే మిగిలినవి పరిగెడతాయని ఈ ఉపేంద్ర డాక్టరుగారికి ఎవరు చెప్పారో మరి. కంప్యూటర్ తెరిస్తే అన్నీ పేర్లే. ఏది ఆపాలి? పోయిన ఎన్నికల్లో తన మీద నిలబడ్డ కనకరాజు పేరు కనిపించింది. ఇంకేం, దాన్ని నొక్కి పడేశాడు.

అది స్టేజి కెమెరా. ఈయనకేం తెలుసు? కనకరాజు నోరు మూయించానని మురిసిపోయి ముందు వరసలో కూర్చున్నాడు. అక్కడ సొంత తల్లికి మొదటి నుంచి చివరి దాకా నల్లటి తెర. పాపం ఆవిడ నర్సుని పిలిచి, తన కళ్ళే పోయాయేమో చూడమని అడిగిందట.

నువ్వు తిరిగొచ్చి ఏం చేశావు? కుర్చీల కింద దూరి, ఒక్కో వైరూ పట్టుకుని ఎక్కడికి పోతోందో చూశావు. స్టేజి కెమెరా, ఆఫీసు ప్రింటరు, గేటు కెమెరా అని రాశావు. దాతల పేర్లు గుమ్మం దగ్గర బోర్డు మీద రాయిద్దామన్నావు. న్యాయమైన మాట. న్యాయంగా ఉంది కాబట్టే ఎవరికీ నచ్చలేదు.

కమిటీ మీటింగ్‌లో ఆ జాబితా గోడ మీద వేసి చూపించావు కదా. కిందికి వస్తూ వస్తూ మా ఆయన పోర్టు దగ్గర ఆగింది. సుందరరామయ్య గారి పేరున్న చోట ఏమని ఉంది? "వాడుకలో లేదు. తీసేయవచ్చు."

హాలంతా నా వంక తిరిగింది. నేను కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. భుజాలు కదిలాయి. అంతే, ఉపేంద్ర లేచాడు. పోయిన మనిషిని పట్టుకుని ఇంత మాటా, పెద్దావిడని ఏడిపిస్తావా అని నీ మీద పడ్డాడు. బతికున్న తల్లికి తెర ఆర్పేసినవాడు నాకు మర్యాద నేర్పుతున్నాడు.

నేను ఏడవలేదు దీపక్.

నవ్వాను. ఎందుకు నవ్వానో చెప్తాను, మీ ఆవిడ శ్రీదివ్యకి కూడా చెప్పకు. మా ఆయన ఎమ్మే. ఈ దేశం వచ్చాక చదువుకి తగ్గ ఉద్యోగం కోసం ఎదురు చూశాడు. పోయేదాకా చూశాడు. నేను తడి దుప్పట్లు మోసి ఇంటికొచ్చేసరికి సోఫాలో కూర్చుని, మనిషికి క్రమశిక్షణ ఎంత ముఖ్యమో చెప్పేవాడు. వింటూ వంట చేసేదాన్ని. ఇన్నేళ్ళూ నోటిదాకా వచ్చి నేను మింగేసిన మాటని నువ్వు గోడంత అక్షరాలతో రాసి పెట్టావు. నవ్వు రాక ఏమవుతుంది?

కారులో కూర్చున్నాక ఆ నవ్వు పోయింది. ఎంత కూర్చుని తిన్నా నా మొగుడు. పదిమందిలో ఆయన మీద నవ్వాను. ఆ తప్పు నాది. నీ నెత్తిన ఎందుకు పడాలి?

ఆదివారం లేచి చెప్తాను. ఏడవలేదు, నవ్వాను అని. వద్దంటావేం? పరువా? నా పేరు మీద అబద్ధం నడుస్తుంటే నాకు ఇంకా పరువు ఎక్కడుంది? ఆ మాట విన్నాక కూడా నిన్ను తీసేస్తారా, తీసెయ్యనీ. వాళ్ళ తాతల పేర్లు చూసుకుంటూ చీకట్లో కూర్చుంటారు.

ఏమిటీ? ఆయన ఒక్కడి పేరు మళ్ళీ పెడతానంటావా? చాల్లే. నాకోసం ఒక్కటి పెడితే రేపు సగం తాతగారు వచ్చి నీ గుమ్మంలో కూర్చుంటాడు. ఆయనకేం చెప్తావ్?

పేరు వద్దు. కానీ ఆ పోర్టు తీసెయ్యకు. ఏదో ఒక వైరు తగిలించు. అబద్ధం రాయమని అడగను. వాడుకలో లేదన్న మాట నిజం కాకుండా చెయ్యి, చాలు.

ఎక్కడికంటావా? వంటగదికి లాగు. అరంగేట్రం రోజు మేం ఆడవాళ్ళం లోపల పులిహోర కలుపుతూ ఒక్క డ్యాన్సూ చూడలేదు. చప్పట్లు వినపడితే ఒకటి అయిందనుకోవడం, మళ్ళీ కలపడం. అక్కడ చిన్న టీవీ పెట్టి స్టేజి కనిపించేలా చెయ్యి. గడిలో "వంటగది టీవీ" అని రాయి. మరో ముక్క వద్దు.

బతికుండగా ఆయన్ని వంటగదిలో అడుగు పెట్టించడం నా వల్ల కాలేదు. నీ వల్లైనా అవుతుందేమో చూద్దాం.