మారిన ప్రార్థన

అతను పొద్దున్న ప్రార్థన ముగించి లేచేసరికి, భార్య టిఫిన్ డబ్బా పట్టుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది.

“మూడు నెలలుగా ‘ప్రభువా, ప్రెస్సులో కొత్త ఫోర్‌మన్ ఉద్యోగం నాకే ఇప్పించు’ అని వీధంతా వినబడేలా అడిగారు. నాలుగు రోజుల్నించి ‘జ్ఞానం ఇవ్వు’ అని గొణుగుతున్నారేం?”

“జ్ఞానం అడగడం తప్పా?”

“తప్పు కాదు. మీరు అడగడమే అనుమానంగా ఉంది. ఏం వెలగబెట్టారు?”

“ఏం లేదు. డబ్బా ఇలా ఇవ్వు.”

“ఇవ్వను. ఉద్యోగం ఇంకెవరికో ఇచ్చేశారు, అంతేగా?”

“నాకే ఇస్తామన్నారు. ఇవాళ జవాబు చెప్పాలి.”

“ఇంత మాట నాలుగు రోజులు కడుపులో పెట్టుకున్నారా! సరేననడానికి జ్ఞానం ఎందుకండీ?”

“కొత్త పోస్టు లేదట. ఉన్న ఫోర్‌మన్‌ని తీసేసి నన్ను పెడతారట.”

“ఉన్నది మా అన్నయ్య కదండీ!”

“అవును.”

“వాడికి తెలుసా?”

“తెలీదు. నిన్న కూడా మెషిన్ దగ్గరికొచ్చి, ‘బావా, నీ ఉద్యోగం కోసం నేనూ రోజూ ప్రార్థిస్తున్నా’ అన్నాడు.”

“వాళ్లు అడిగిన క్షణమే వద్దని చెప్పాల్సింది! దానికి నాలుగు రోజులు మోకరించడం ఎందుకు?”

“నోరు రాలేదు. నీకు వస్తే చెప్పు, ఇప్పుడే వెళ్లి వద్దనేస్తాను.”

ఆవిడ ‘వద్దు’ అనబోయింది. ఈ ఉద్యోగం వస్తే మారదామని పిల్లల కోసం చూసి వచ్చిన రెండు గదుల ఇల్లు కళ్లముందు కదిలింది. తన మీద తనకే అనుమానం వేసింది.

డబ్బా కింద పెట్టింది.

“కాస్త జరగండి,” అంటూ మంచం పక్కన మోకరించింది.