రేవులో తీయని కొలత

జలాంతర్గామిలో దిగి సముద్రపు అడుగున భూమ్యాకర్షణను కొలిచి వచ్చిన కూతురు, తన పరిశోధన వ్యాసాన్ని కవరులో పెడుతోంది. చిత్తూరు బెల్లం మండీలో నలభై ఏళ్లు తూకం వేసిన తండ్రి ఎదురుగా కూర్చున్నాడు.

"లెక్క కంటే ఎక్కువొచ్చిందా పాపా?"

"ఏడు తూర్లూ అంతే నాయనా. గైడుసారు యంత్రం తప్పంటాడు, నేను న్యూటను సూత్రమే తప్పంటా. ఇది అచ్చయితేనే నాకు డాక్టరేటు."

"దిగకముందు రేవులో కొలత తీసి సూసినావు గదా. తిరిగొచ్చినాక?"

"మళ్లా ఎందుకు?"

"బెల్లం దించినాక ఖాళీ తక్కెడ సూడకుండా నేను ఏ రైతుకూ తూకం సెప్పలేదు. నీ యంత్రంలో ఉండేది స్ప్రింగే గదా. దిగేటప్పుడు కుదుపుకు సాగింటే?"

ఆమె చేతిలో జిగురు సీసా ఆగిపోయింది.

"అయితే గైడుసారు మాటే నిజమని రాసేస్తా."

"నిజమని నీకు తెలుసునా?"

"తెలీదు."

"మరి అదీ రాయొద్దు. తిరిగొచ్చినాక రేవులో మళ్లా సూడలేదని రాయి."