క్వీనీకి దొరికిన మంచి ఇల్లు

నిజం చెప్పమ్మాయ్, ఈ గుర్రానికి మంచి ఇల్లు వెతకమని తెచ్చావా, లేక దీని చావు నీ కళ్ళముందు జరగకుండా చూడమని తెచ్చావా? మొహం మాడ్చుకోకు. రెండూ ఒకటి కాదు కాబట్టి అడుగుతున్నా. కూర్చో. ఆ బకెట్టు బోర్లించి కూర్చో, కుర్చీలో పిల్లి ఈనింది, దాన్ని లేపితే నన్ను పీకుతుంది. నీ టఫీ ఎక్కడికీ పోడులే. నీళ్ళు పెట్టాను. వాడు నిలబడ్డ తీరు చూశావా? ముందుకాళ్ళు రెండూ చాపి, బరువంతా వెనక్కి వేసి, కాలే పెనం మీద నిలబెట్టినట్టు. నేను డాక్టర్ని కాదు, నా మాట నమ్మక్కర్లేదు. పశువుల డాక్టరుకి ఫోన్ చేశాను, దారిలో ఉన్నాడు. ఆయన వచ్చేదాకా బెరిల్ గురించి చెబుతాను. చెబుతున్నది ఊసుపోక కాదు, విను.

ఈ దొడ్డి నాది కాదు, బెరిల్ టాంకార్డ్‌ది. నువ్వు పుట్టకముందే పోయింది. మా ఇల్లు కంచెకి అవతలది. ఆవిడ పోయాక గుర్రాలు ఇవతలే ఉండిపోయాయి, మేత వెయ్యడానికి రోజూ కంచె దూకలేక నేనే ఇటొచ్చేశాను. బెరిల్ పొట్టి మనిషి, మొగుడి బూట్లు, జేబు నిండా పిప్పరమెంట్లు. గుర్రాల కోసమేమో అనుకునేవాళ్ళు అందరూ. కాదు, ఒక్కటి కూడా పెట్టేది కాదు, అన్నీ తనే నమిలేది. మొగుడు పోయినప్పుడు కూడా ఏడవలేదంటారు, ఏమో, నేను చూళ్ళేదు. ఆఁ, గుర్రాలు. రేసుల్లో పరుగు చాలక వచ్చినవి, పిల్లలు పెద్దవాళ్ళై కాళ్ళు నేలకి తగులుతుంటే వదిలేసినవి. మొగుడూ పెళ్ళాం విడిపోతే సోఫా ఒకళ్ళు, కారు ఒకళ్ళు తీసుకుంటారు చూడు, గుర్రం బెరిల్‌కి వచ్చేది. కరువు ఏడాదైతే గేటుకి కట్టేసి చెప్పకుండా పోయేవాళ్ళు.

తీసుకెళ్తామని వచ్చినవాళ్ళకి ఊరికే ఇచ్చేసేది కాదు. ఒక చలికాలం తన దగ్గర పెట్టుకుని ఆ జీవం తీరు చూసేది. రేసు గుర్రం ఒకటుండేది, గేటు చప్పుడైతే చాలు, కంచె మీదికి పరిగెత్తేది. దాన్ని ఏ పనీ చెప్పకుండా ముసలి గాడిద పక్కన వదిలేసింది. గాడిద దగ్గర పాఠం నేర్చుకుంటోంది, నువ్వు కూడా వచ్చి చేరరాదా డెస్, అనేది నాతో. ఆ గుర్రమే తర్వాత గొర్రెల బొచ్చు కత్తిరించేవాళ్ళింట్లో ముసలిదై హాయిగా పోయింది. ఇంతకీ, ఇచ్చేది కాదు బెరిల్, పంపేది. గుర్రం ఎప్పటికీ ఆవిడదే. అక్కర్లేకపోతే మళ్ళీ ఈ గేటుకే రావాలి, ఇంకొకరి చేతికి పోకూడదు. చెప్పాపెట్టకుండా వానాకాలంలో వాళ్ళింటికి పోయేది. టీ తాగమంటే, ముందు మీ దొడ్లో నీళ్ళతొట్టి చూస్తాను, దాని నీళ్ళు బాగుంటే మీ నీళ్ళు తాగుతాను, అనేది. ఎంత తిట్టుకునేవాళ్ళో. మా ఆవిడ కూడా తిట్టేది, ఆ బెరిల్ పెళ్ళి సంబంధాలు చూసినా ఇంత చూడదు అని.

అయితే బాగుపడని గుర్రం వస్తే మాత్రం ఒకటే పద్ధతి. డాక్టర్ని పిలిచేది. ఇంక లాభం లేదని ఆయనంటే, ప్రాణం తీసే సూది వేస్తున్నంతసేపూ తెచ్చినవాళ్ళే తాడు పట్టుకోవాలి. కళ్ళు మూసుకోకుండా, పేరు పెట్టి మాట్లాడుతూ చివరిదాకా ఉండాలి. ఉండనంటే ఆ గుర్రాన్ని లోపలికి రానిచ్చేది కాదు. కఠినురాలు, గుండె లేనిది, అని ఊరంతా అంది. ఆ మాట మొదట పుట్టించింది లైల్ హెస్కెత్.

లైల్ తెలీదా నీకు? మెయిన్ రోడ్డులో ఇనుప సామాన్ల కొట్టు, ఇప్పుడక్కడ ఫోన్లు బాగుచేస్తారు. మంచివాడు, నిజంగా మంచివాడు. కూతురు రాబిన్ స్వారీ నేర్చుకున్న ఆడగుర్రం క్వీనీ. తెల్లటి మూతి, ఎడం చెవికి కొస లేదు. అది ఇలాగే వచ్చింది ఈ దొడ్లోకి, ముందుకాళ్ళు చాపుకుని. కూతురు చదువుకని పట్నం హాస్టలుకి పోయింది, దీన్ని చూసేవాళ్ళు లేరు. డాక్టరు గిట్టలు నొక్కి చూసి, జబ్బు ముదిరిపోయిందని తల అడ్డంగా ఊపాడు. బెరిల్ తాడు లైల్ చేతికిచ్చింది. ఆయన వెనక్కి తగ్గాడు. ఇదేంటి బెరిల్, ఇళ్ళు చూడ్డమే కదా నీ పని, దీనికీ ఒకటి చూడు, ఇంకా ఏళ్ళు బతుకుతుంది, అని వాదన. బతుకుతుంది, నిలబడలేదు, నువ్వు ఏళ్ళపాటు అలా నిలబడతావా, అందావిడ. కోపమొచ్చింది ఆయనకి. గుర్రాన్ని మళ్ళీ ట్రైలర్ ఎక్కించాడు. ఎక్కడానికి అది ఎంత అవస్థ పడిందో, నేను వెనకనుంచి భుజం పెట్టాను, నాకు తెలుసు.

దాణా కొట్టు తలుపుకి కాగితం అంటించాడు, మంచి ఇంటివాళ్ళకి ఉచితం అని. ఈ దేశంలో గుర్రాల గురించి రాసే మాటల్లో అంతకన్నా ప్రమాదమైనది లేదమ్మాయ్. ఊరికే వస్తుందంటే ఎవరొస్తారు? మర్నాడే ఒక జంట వచ్చింది. చంకలో చంటిపిల్ల, సంచిలో క్యారెట్లు. మా పాప నడక నేర్చేదాకా దీన్ని మేం ముద్దుచేసుకుంటాం, ఆ తర్వాత పాపకి నేస్తం అన్నారు. లైల్ పొంగిపోయాడు. పబ్బులో అందరికీ బీరు పోయించి, బెరిల్ చంపమంది, నేను ఒక్క రోజులో ఇల్లు చూశాను, అన్నాడు. మేమూ చప్పట్లు కొట్టాం. బెరిల్ ఆ మూల కూర్చుని పిప్పరమెంటు నములుతోంది. 

సోమవారం పశువుల సంత. బెరిల్ ఏ సోమవారమూ మానేది కాదు, వేలానికి ముందు ప్రతి దొడ్డీ తిరిగి చూసేది, తను పంపినవి ఏమైనా అక్కడ తేలాయేమోనని. వేసవి చివర్లో ఒక సోమవారం నన్ను తోడు తీసుకెళ్ళింది. చిట్టచివరి దొడ్డి కబేళా లారీది. అందులో ఒక గుర్రం గోడకి ఆనుకుని నిలబడి ఉంది. వీపు మీద జీను రాసుకుపోయి పచ్చి పుండు. డొక్కలు లెక్కపెట్టొచ్చు. నేను గుర్తుపట్టలేదు. బెరిల్ దాని ఎడం చెవి చూసింది, కొస లేదు.

తర్వాత తెలిసింది ఏమిటంటే, ఆ జంట తవుడులో నొప్పి తెలియకుండా చేసే మందు పొడి కలిపి పెట్టారు. నాలుగు రోజులు గుర్రం చక్కగా నడుస్తుంది. పిల్లల స్వారీకి సాధువైన గుర్రం అని అమ్మారు. కొన్నవాళ్ళ దగ్గర ఆ మందు పని దిగగానే కుంటింది, వాళ్ళూ పొడి కొని, పెట్టి, ఇంకొకళ్ళకి అమ్మారు. అలా వేసవంతా చేతులు మారింది. ఆ కాళ్ళతో, వీపు మీద పిల్లల్ని మోస్తూ. ఆ చంటిపిల్ల కూడా వాళ్ళది కాదు, పక్కింటి పిల్లట.

బెరిల్ కబేళా మనిషి నెవిల్ దగ్గరికి పోలేదు. తిన్నగా ఇనుప కొట్టుకి పోయింది. లైల్ ఎవరికో మేకులు తూస్తున్నాడు. లైల్, నువ్వు చూసిన మంచి ఇల్లు చూపిస్తాను, రా, అంది. అంతే. చేతిలో మేకులు చేతిలోనే ఉన్నాయి, అలాగే వచ్చి కూర్చున్నాడు కారులో.  దొడ్డి దగ్గర కాసేపు అటూ ఇటూ చూశాడు, తన గుర్రం ఏదో తనకీ తెలియలేదు. ఏది, అని అడగబోయి, అలవాటు కొద్దీ పిలిచాడు, క్వీనీ అని. అది తల తిప్పింది. తిప్పి, ఆయన దగ్గరికి నడిచింది. నడక కాదది. ఒక్కో కాలూ ఎత్తి గాల్లో ఉంచి, వెయ్యాలా వద్దా అని ఆలోచించి వేస్తూ వచ్చింది. లైల్ పిలవడం ఆపి రెండు చేతులతో నోరు మూసుకున్నాడు, రావద్దని. అది ఆగలేదు.

నెవిల్ మీద అరిచాడు పాపం, హంతకుడా అని. నెవిల్ సిగరెట్ పారేసి నిదానంగా అన్నాడు, ఈ సంతలో గుర్రం ఎక్కడికి పోతుందో నిజం చెప్పేవాడిని నేనొక్కడినే లైల్, తీసుకుపో, నాకేమీ ఇవ్వకు. కబేళా లారీ ఎక్కిస్తే అది రెండు రోజుల ప్రయాణం. ఎక్కించే అవసరం లేకుండా డాక్టరు అక్కడికే వచ్చాడు. బెరిల్ తాడు లైల్ చేతిలో పెట్టింది. ఈసారి పట్టుకున్నాడు. పేరు పెట్టి మాట్లాడమంటే మాట రాలేదు. బెరిలే ఆయన బదులు మాట్లాడింది, మంచి పిల్లవి, మంచి పిల్లవి అంటూ. అది ఆవిడ వైపు చూడలేదు.

అక్కడితో అయిపోతే బాగానే ఉండును. హాస్టలు నుంచి రాబిన్ ఫోన్ చేసినప్పుడల్లా, క్వీనీ ఎలా ఉంది నాన్నా, అని అడిగేది. బాగుంది అనేవాడు. మొదట ఒక్క మాటే. తర్వాత దానికి తోడు ఇంకో గుర్రం వచ్చిందన్నాడు, ఆపిల్ చెట్టుందన్నాడు, చూడ్డానికి వస్తానంటే చాలా దూరమన్నాడు. చెప్పెయ్ లైల్, ఒకసారి ఏడుస్తుంది, ఊరుకుంటుంది, అని బెరిల్ ఎన్నిసార్లు అందో. చెప్పలేకపోయాడు. మనిషి అబద్ధంలో ఇల్లు కట్టుకుని ముసలివాడైపోయాడు. బెరిల్‌ని పూడ్చిన రోజు చర్చి వెనక శాండ్‌విచ్‌లు పెడుతుంటే రాబిన్ వచ్చింది, పెళ్ళై, ఇద్దరు పిల్లలతో. నా చేతులు రెండూ పట్టుకుని, బెరిల్ గారికి నా తరఫున ఎవరూ థాంక్స్ చెప్పలేదండీ, క్వీనీకి అంత మంచి ఇల్లు చూసిందావిడే కదా, అంది. లైల్ పక్కనే ఉన్నాడు. టీలో పంచదార కలుపుతూనే ఉన్నాడు, నా వైపు చూడ్డు. చచ్చినావిడ పేరుతో కూడా అబద్ధమే చెప్పాడు, చూశావా. బతికినన్నాళ్ళూ ఆవిడ నోట రాని అబద్ధం.

ఏంటీ? చెల్లెలా? ఎన్నేళ్ళు? పదమూడు. టఫీ మీద పెరిగింది నీకన్నా ఎక్కువ తనేనా? మరి ఏం చెప్పి వచ్చావు? డెస్ తాతకి పెద్ద పొలం ఉంది, అక్కడ హాయిగా ఉంటాడు, సెలవులకి వెళ్ళి చూద్దాం అనా?

అదిగో, డాక్టరు కారు. వంతెన దాటుతోంది. ఆయనేమంటాడో చూద్దాం, నా లెక్క తప్పైతే మంచిదే, ఈ దొడ్లో చోటుంది, నీ టఫీని ఆఖరిదాకా నేను చూసుకుంటాను. తప్పు కాకపోతే మాత్రం ఆ పిల్లకి ఈ సాయంత్రం ఏ కథా చెప్పొద్దు. నీ ఫోన్ తియ్యి. స్కూలుకి చెయ్యి, టీచర్ని అడిగి చెల్లెల్ని పిలిపించు. ఉన్నది ఉన్నట్టు చెప్పు, రావాలనుందో లేదో దాన్నే అడుగు. వస్తానంటే నేనే వెళ్ళి తీసుకొస్తాను, డాక్టర్ని ఆగమంటాను. చెయ్యమ్మా. ఇప్పుడే చెయ్యి.