అయ్యగారి చేతిలో కోడి

1925 డిసెంబరు 7వ తేదీన, ఆదోని వీధుల్లో పత్తి బండ్లు బారులు తీరిన సుగ్గి కాలంలో, శ్రీ ఇస్సాకు గారు మన జిన్నింగు ఫ్యాక్టరీలో యంత్రాలకు నూనె వేసే పనివారుగా ప్రవేశించారు. స్వయంకృషితో ఫిట్టరై, 1938లో ఎమ్మిగనూరు శాఖకు వెళ్లి, ఎనిమిదేండ్లకు హెడ్ మేస్త్రీగా తిరిగి వచ్చిన వారి కార్యదక్షతను ఎంత కొనియాడినా తక్కువే. చప్పుడు విని యంత్రం జబ్బు చెప్పగల ఘనులే గాని, ముక్కు మీది కోపం మాత్రం ఏ మరమ్మతుకూ లొంగేది కాదు.

1953 జనవరిలో ఆ కోపమే కొంప ముంచబోయింది. గోదాములో పత్తి తడిసి ఉండటం చూసి, హమాలీలే కావాలని తడిపారంటూ వారి పెద్ద ఓబన్నను అందరి ఎదుటా నిందించారు. హమాలీలు పని మానేశారు. గేటు వద్ద హమాలీలూ ఫ్యాక్టరీ పనివారూ కర్రలు పట్టే దాకా వచ్చింది. గోదాములోని నీటి పీపా కొళాయి కట్టేయడం మరచినది తామేనని ఇస్సాకు గారికి శనివారం గాని తెలియలేదు.

మర్నాడు చర్చిలో కోత పండుగ. ఒకరి మనసు నొప్పించి వచ్చినవాడు ముందు వెళ్లి సమాధానపడి, ఆ తరువాతే కానుక అర్పించాలన్న ప్రభువు ఆజ్ఞ ఆయనను నిలవనీయలేదు. కానుకగా తెచ్చిన కోడిని పాదిరిగారి చేతిలో పెట్టి, "కొంచెం పట్టుకోండి అయ్యగారూ, ఓబన్నతో మాట కలుపుకొని వస్తాను" అని ఆరాధన మధ్యలోనే బయలుదేరారు.

"తప్పు నాదేప్పా. కొళాయి కట్టకుండా పోయింది నేను. మీ మీద నింద ఏసినాను" అన్నారు, ఓబన్న ఇంటి ముందు హమాలీలందరూ వింటుండగా.

ఓబన్న నివ్వెరపోయాడు. "పండగ పూట గుడి ఇడ్సిపెట్టి ఈడికొచ్చినావా అన్నా?"

"నువ్వు మాట్లాడితే గానీ నా కోడిని దేవుడు తీసుకోడప్పా."

"అయితే పాన్నా, పోదాం! పాపం, అయ్యగారు ఎంతసేపని పట్టుకోనుండేది!"

హమాలీలు కూడా వెంట నడిచారు. వెళ్లేసరికి పాదిరిగారు కోడిని చంకలో పెట్టుకొనే ప్రసంగిస్తున్నారు. నడుమ నడుమ అదీ అందుకుంటోంది. చర్చి అంతా ఘొల్లుమంది. సోమవారం జిన్ను యంత్రం మళ్లీ తిరిగింది.

ముందుగా తన గుమ్మం దిగి వెళ్లేవాడే శాంతి తేగలడని వారి విశ్వాసం వారికి నేర్పింది, వారు మనకు నేర్పారు. నేటికీ మనలో ఇద్దరు కస్సుబుస్సుమంటే, "కోడి ఎవరి చేతిలో ఉండాది?" అని పక్కవారు అడుగుతారు. నవ్వు వచ్చాక కోపం ఎంతసేపు నిలుస్తుంది?

ఈ 1958 మార్చి 31న పదవీ విరమణ చేస్తున్న ఇస్సాకు గారు, సతీమణి శ్రీమతి సువార్తమ్మ గారితో కలసి ఆయురారోగ్యాలతో నూరేండ్లు వర్ధిల్లాలనీ, మేము పోట్లాడుకొని వారి గుమ్మం ముందుకు వచ్చిన నాడు, సమాధానపడి తిరిగి వచ్చే దాకా మా కోళ్లను పట్టుకొని నిలబడేందుకు ఆ చేతుల్లో సత్తువ ఉండాలనీ మనసారా కోరుకుంటున్నాము.