ముప్పై నాలుగో నంబరు చొక్కా

మిసిసిపీలో ఒక చిన్న ఊరు. ఒడెస్సా వంటింట్లో కోర్డెల్ మెడకు తువ్వాలు చుట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. కొడుకు జావోన్ ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో పిల్లలందరికీ జుట్టు కత్తిరించేది ఆమే.

“తల కదపకు అంటే వినవేం? రేపు ఫోటోల్లో ఒంటి చెవితో కనిపిస్తావు.”

“కదపలేదు పిన్నీ.”

“తలుపు వైపే తిప్పుతున్నావు మరి. ఊరంతా చూస్తుండగా కాలేజీ టోపీ పెట్టుకుని, వాళ్ళ జట్టులో చేరే కాగితం మీద సంతకం చేసేవాడివి, పెళ్ళికొడుకులా ఉండాలి.”

“రేపటి గురించే మాట్లాడాలని వచ్చా.”

“జుట్టు కోసం రాలేదా?”

“జుట్టు కోసం కూడా వచ్చా. జావోన్ ఏడి?”

“లోపల నీ చొక్కా ఇస్త్రీ చేస్తున్నాడు. వెలుతురు చూస్తే తలనొప్పి కదా, కర్టెన్లు మూసుకుని మరీ చేస్తున్నాడు.”

“నా చొక్కా వాడెందుకు...”

“అమ్మా, అయిపోయింది. ఒరేయ్ కోర్డెల్, కాలరు చూడు, కత్తిలా నిలబడింది.”

“థాంక్స్ రా జావోన్.”

“బెల్ క్రీక్ బడి జట్టు మీద నువ్వు బంతితో పరిగెత్తిన వీడియో ఇప్పుడే మళ్ళీ చూశా. ఆ వానలో, ఈ చివర్నించి ఆ చివరిదాకా! నా ఖర్మ కాకపోతే, తలకి తగిలిన దెబ్బకి ఆ సాయంత్రం ఒక్క ముక్క గుర్తులేదు. కళ్ళారా చూసి కూడా మర్చిపోయా.”

“జావోన్, వెళ్ళి పడుకో నాన్నా. కళ్ళు ఎర్రబడ్డాయి.”

“వెళ్తున్నాలే అమ్మా. ఒరేయ్, పెద్దాడివయ్యాక నన్ను మర్చిపోతే తంతా.”

“వెళ్ళాడు. ఇప్పుడు చెప్పు.”

“పిన్నీ, ఆ పరుగు...”

“తల దించు. మెడ దగ్గర చెయ్యాలి.”

“ఆ రోజు నా చీలమండ బెణికింది. కోచ్‌కి చెప్పలేదు. అప్పుడే జావోన్‌కి ముక్కు పగిలి చొక్కా అంతా రక్తమైంది. ఆ చొక్కాతో ఆడకూడదని రిఫరీ బయటికి పంపాడు. మన బడికి వేరే చొక్కాలెక్కడివి?”

“లేవు.”

“బెంచీ వెనక నా ముప్పై నాలుగో నంబరు చొక్కా వాడికిచ్చా. నేను కోటు కప్పుకుని కూర్చున్నా. ఆ చొక్కాతో పరిగెత్తింది వాడే. ఆ బురదలో, హెల్మెట్ల కింద ఎవరు చూశారు? సగం ఆటయ్యాక వాడి చొక్కా కుళాయి కింద కడిగి మళ్ళీ మార్చుకున్నాం. ఆ తర్వాతే కదా వాడి తలకి దెబ్బ తగిలింది.”

“ఊఁ.”

“వాడు ఆస్పత్రి నుంచి వచ్చాక చెబుదామనుకున్నా. ఈలోగా ఆ వీడియో చూసి కాలేజీ కోచ్ ఫోన్ చేశాడు. ముప్పై నాలుగు నువ్వేనా అన్నాడు. ముప్పై నాలుగు నేనే కదా పిన్నీ? అవునన్నా. అబద్ధం కాదనుకున్నా.”

“ఇప్పుడేమనుకుంటున్నావు?”

“అబద్ధమే. రేపు అందరి ముందూ చెప్పేస్తా. కాదు, ఇప్పుడే వాడికి...”

“కూర్చో. సగం గీసిన తలతో ఎక్కడికి?”

“నీకు కోపం రాలేదా?”

“నడక వచ్చిన రోజు నుంచీ మా వాడు పరిగెడితే ఎడమ చెయ్యి రెక్కలా లేపుతాడు. ఏ చొక్కా వేసుకుంటేనేం?”

“అంటే... నీకు ఆ రోజే తెలుసా?”

“ఆ కాలేజీ కోచ్ కూడా గుడ్డివాడేం కాదు. మీ అబ్బాయి పన్నెండో నంబరు, ఈ ముప్పై నాలుగు, ఇద్దరూ ఒకేలా చెయ్యి లేపుతారేంటని పోయిన వారం నాకు ఫోన్ చేశాడు. ఈ పరుగు మీ అబ్బాయిదా అని అడిగాడు.”

“నువ్వేమన్నావు?”

“మా వాడిది కాదన్నా.”

“పిన్నీ!”

“తలకి ఇంకొక్క దెబ్బ తగిలితే కొడుకు మీద ఆశ వదులుకోమన్నాడు డాక్టరు. కాలేజీ పిలిస్తే వాడు ఆగుతాడా? నీకంటే ముందు నుంచే నాకు నిద్ర లేదు.”

“మరి వాడికి...”

“తల దించు. నువ్వు దొంగిలించలేదు కోర్డెల్. వాడి పరుగుని, వాణ్ణి అడక్కుండా నేనే ఇచ్చేశా నీకు.”